లాంగ్ విల్ ఎవరు? ఒక కావ్యం, మూడు పాఠాలు, అనుమానపు సంతకం

డబ్లిన్ ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో 212వ నంబరు రాతప్రతి చివర లాటిన్‌లో ఒక చిన్న గమనిక ఉంది. కావ్యాన్ని నకలు తీసిన లేఖకుడి దస్తూరీ కాదది. సుమారు 1400 ప్రాంతంలో మరెవరో రాసిపెట్టారు. విలియం డి లాంగ్లాండ్ తండ్రి పేరు స్టేసీ డి రోకైల్ అనీ, ఆయన మర్యాదగల కుటుంబీకుడనీ, ఆక్స్‌ఫర్డ్ సీమలోని షిప్టన్ అండర్ విచ్‌వుడ్ అనే ఊళ్లో డెస్పెన్సర్ ప్రభువు కింద భూమి పట్టుకుని ఉండేవాడనీ, ఈ విలియమే ‘పియర్స్ ప్లౌమన్’ అనే పుస్తకం చేశాడనీ ఆ గమనిక సారాంశం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కావ్యాల్లో చాసర్ రచనల పక్కన నిలబెట్టదగిన ఒక మహాకావ్యానికి కవి ఎవరంటే, పత్రం రూపంలో చూపించడానికి ప్రధానంగా మిగిలింది ఈ నాలుగు ముక్కలే.

తెలుగు కావ్యాలు చదివినవారికి ఈ కొరత కాస్త వింతగా ఉంటుంది. మన కవులు ఆశ్వాసం చివరి గద్యలో తండ్రి పేరుతో సహా తమ పేరు చెప్పుకున్నారు. తిక్కన కొమ్మనామాత్యుడి కొడుకని తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, ఆయనే మళ్లీ మళ్లీ చెబుతాడు. ఆ కాలపు ఇంగ్లండులో అలాంటి ఆనవాయితీ లేదు. రాజాస్థానంలో ఫ్రెంచి, మఠాల్లో లాటిన్ ఏలుతున్న రోజుల్లో ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకానికి కర్త పేరు ఎక్కించాలన్న పట్టింపు లేఖకులకూ పెద్దగా లేదు. పియర్స్ ప్లౌమన్‌కు అంకితం లేదు, కృతిభర్త లేడు, కవి స్వహస్తంతో రాసిన ప్రతి లేదు. ఉన్నవల్లా యాభైకి పైగా నకళ్లు, అవీ ఒకదానితో ఒకటి పోట్లాడుకునేవి.

కావ్యం మొదలు చూస్తే ఇది మహా కావ్యమని అనిపించదు. మే నెల ఉదయం, మాల్వర్న్ కొండల దగ్గర, గొర్రెతోలు లాంటి ముతక బట్టలు వేసుకున్న ఒకడు నడిచి నడిచి అలసి వాగు ఒడ్డున నిద్రపోతాడు. కలలో ఎత్తు మీద ఒక బురుజు, కింద లోతైన లోయలో ఒక చెరసాల కోట, ఆ రెంటి మధ్య జనంతో కిటకిటలాడే మైదానం. దున్నేవాళ్లు, బేరగాళ్లు, బిచ్చగాళ్లు, క్షమాపత్రాలు అమ్ముకునే మతాధికారులు, వకీళ్లు, లండన్ వీధుల్లో వేడి వేడి తిండి కేకలేసి అమ్మేవాళ్లు, అందరూ అక్కడే. తర్వాత మీడ్ అనే దొరసాని వస్తుంది. మీడ్ అంటే ప్రతిఫలం. అది న్యాయమైన కూలీ కావచ్చు, లంచం కావచ్చు. ఆమెను అబద్ధానికి ఇచ్చి పెళ్లి చేయాలని ఒక పెద్ద బలగం కదిలి రాజసభ దాకా వెళుతుంది. ఏడు మహాపాపాలు మనుషుల్లా వచ్చి తప్పులు ఒప్పుకుంటాయి. అప్పుడు, సత్యం ఎక్కడుందో దారి తెలియక జనం తడబడుతుండగా, పియర్స్ అనే దుక్కి రైతు జనంలోంచి తల బయటపెట్టి ఆ దారి తనకు తెలుసంటాడు. ముందు తన అర ఎకరం దున్నాలి, తర్వాత తీసుకెళతానంటాడు.

గుణాలకూ దోషాలకూ మనిషి రూపమిచ్చి నడిపించే ఈ పద్ధతి, అంటే అన్యాపదేశం, మనకు కొత్త కాదు. వివేకుడూ మహామోహుడూ సేనలతో తలపడే ప్రబోధచంద్రోదయాన్ని నంది మల్లయ, ఘంట సింగన కలిసి తెలుగు చేశారు. ఛందస్సు కూడా తెలుగు చెవికి దగ్గరే. ఈ కావ్యంలో అంత్యప్రాస లేదు. ప్రతి పాదం మధ్యలో విరుగుతుంది. మొదటి సగంలో ఊనిక పడిన మాటల తొలి ధ్వని రెండో సగంలో తిరిగి పలకాలి. “ఇన్ ఎ సోమర్ సేసన్, వాన్ సాఫ్ట్ వాస్ ద సొన్నె” అన్న తొలి పాదంలో ‘స’కారం చేసే పని మన యతిమైత్రి చేసే పనికి చుట్టమే. అయితే మనకున్నంత కట్టుదిట్టం అక్కడ లేదు. అందుకే ఫలానా పాదం కవిదా, లేఖకుడు చెడగొట్టిందా అని ఛందస్సును బట్టి తేల్చడంలో తగాదాలు పుడతాయి. ఆ సంగతి తర్వాత.

కల కనే మనిషి పేరు విల్. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. విల్ అంటే విలియం అనే పేరుకు వాడుక రూపం. అదే మాటకు ఇచ్ఛ, సంకల్పం అనే అర్థాలూ ఉన్నాయి. మనస్సాక్షి, వివేకం, బుద్ధి, ఊహ, అన్నీ పాత్రలుగా తిరుగుతున్న కావ్యంలో మనిషి ఇచ్ఛ కూడా ఒక పాత్ర అవడం సహజమే. మరి విల్ అనేవాడు కవా, ఇచ్ఛా? రెండో పాఠంలో పదిహేనో సర్గ దగ్గర అతడు ఒక మాట అంటాడు. నేను ఈ ‘లోండె’లో బతికాను, నా పేరు ‘లాంగె విల్లె’ అని. లోండె అంటే నేల, లాంగె అంటే పొడుగు. మూడు మాటల్నీ వెనక నుంచి చదివితే విల్లె, లాంగె, లోండె. విల్ లాంగ్లాండ్! కీర్తనలో వాగ్గేయకారుడు ముద్ర వేసినట్టు కవి తన పేరు పాదంలో పొదిగాడని చాలామంది పండితుల నమ్మకం. కాదనేవారికీ జవాబు ఉంది. పొడుగు విల్ అంటే ఓర్పుగల సంకల్పం అని అర్థం, దీర్ఘకాలం వేచి ఉండే ఇచ్ఛ అని. అన్యాపదేశంలో ఏ పేరూ ఒక్క అర్థానికి కట్టుబడదు కదా.

డబ్లిన్ గమనిక లేకపోతే ఈ పాదాన్ని ఎవరూ తిరగేసి చదివి ఉండేవారు కారు. ఈ పాదం లేకపోతే డబ్లిన్ గమనికను నమ్మే ధైర్యం ఇంత ఉండేది కాదు. రెండు సాక్ష్యాలూ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నిలబడ్డాయి. న్యాయస్థానంలో అయితే ఇవి స్వతంత్ర సాక్ష్యాలేనా అని వకీలు తప్పక అడుగుతాడు. గమనిక రాసినాయన ఆ పేరును కావ్యంలోంచే పట్టుకున్నాడా? అలా అనుకోవడానికి ఒక అడ్డంకి ఉంది. కావ్యంలో ఎక్కడా లేని తండ్రి పేరు, ఊరు పేరు, ప్రభువు పేరు ఆయనకు తెలుసు. కావ్యంలోంచి పుట్టించలేని వివరాలవి. ఆ గమనిక బలమంతా ఈ అనవసరమైన వివరాల్లోనే ఉందనిపిస్తుంది.

తండ్రి రోకైల్, కొడుకు లాంగ్లాండ్ ఎలా అయ్యారన్నది ఇంకో ప్రశ్న. ఇంటిపేర్లు ఇంకా గట్టిపడని కాలం అది. ఊరి పేరో, తల్లి వైపు పేరో, కవిగా పెట్టుకున్న పేరో కావచ్చు. అక్రమ సంతానం అన్నవాళ్లూ ఉన్నారు గానీ దానికి ఆధారమేమీ లేదు.

పదహారో శతాబ్దానికి వచ్చేసరికి కవి పేరు మారిపోయింది. కావ్యాన్ని మొదటిసారి అచ్చువేసిన రాబర్ట్ క్రౌలీ 1550లో, ఒక్క ఏడాదిలోనే మూడు ముద్రణలు తెచ్చాడు. పాత పుస్తకాలు తెలిసినవారిని విచారించి కవి రాబర్ట్ లాంగ్లాండ్ అనీ, ష్రాప్‌షైర్‌లోని క్లెబరీలో, మాల్వర్న్ కొండలకు ఎనిమిది మైళ్ల దూరంలో పుట్టాడనీ ముందుమాటలో రాశాడు. జాన్ బేల్ అనే గ్రంథసూచికారుడు చెప్పిందీ ఇదే. ఆ ఊరు నిజానికి కొండలకు అంతకు రెట్టింపు దూరం పైనే ఉంటుంది. విలియం రాబర్ట్ ఎలా అయ్యాడన్నదానికి పండితులు చెప్పే ఊహ ముచ్చటగా ఉంటుంది. ఎనిమిదో సర్గ మొదట్లో, ముదురు రంగు ముతక బట్ట కట్టుకుని తిరిగాను అనే చోట ‘ఇరోబ్డ్’ అనే క్రియ ఉంది, కట్టుకున్న అని అర్థం. దాన్ని ‘ఐ రాబర్ట్’ అని, అంటే రాబర్ట్‌నైన నేను అని, చదివేశారట. ఒక్క అక్షర భ్రమకు కవి పేరు మూడు శతాబ్దాలు తారుమారైంది. క్రౌలీకి ఈ పేరు కంటే కావ్యంలోని మఠాల మీది విమర్శే ముఖ్యం. కొత్తగా ప్రొటెస్టెంటు బాట పట్టిన ఇంగ్లండుకు ఇది పూర్వకాలపు ప్రవచనంలా పనికొచ్చింది. అంచుల్లో అతడు రాసిన వ్యాఖ్యలన్నీ ఆ దిక్కునే చూపుతాయి.

అసలు తగువు మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో, వాల్టర్ స్కీట్ చేతిలో తయారైంది. కేంబ్రిడ్జి పండితుడైన స్కీట్ అప్పటికి తెలిసిన రాతప్రతులన్నీ పోల్చి, ఇవి ఒకే కావ్యానికి తప్పుల నకళ్లు కావు, మూడు వేర్వేరు పాఠాలు అని తేల్చాడు. వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టి 1867 నుంచి 1873 మధ్య ఒక్కొక్కటే ప్రచురించాడు, 1886లో మూడింటినీ పక్కపక్కన అచ్చువేశాడు. ఎ పాఠం సుమారు రెండున్నర వేల పాదాలు. ‘డోవెల్’ కోసం, అంటే మంచిగా బతకడమంటే ఏమిటో తెలుసుకోవడం కోసం, విల్ బయలుదేరిన కొంతసేపటికే అది ఆగిపోతుంది. ఒక శనివారం సాయంత్రం నైరుతి గాలి చెట్లు కూల్చిందన్న మాట అందులో ఉంది. అది 1362 జనవరి 15 నాటి తుఫాను. బి పాఠం ఏడు వేల పాదాలు దాటుతుంది. ఎలుకలు సభ పెట్టి పిల్లి మెడలో గంట కట్టేదెవరని తర్జనభర్జన పడే కథ ఇందులో కొత్తగా చేరింది. వెనక 1376 పార్లమెంటు గొడవల నీడ కనబడుతుంది. సి పాఠం పొడవులో బికి దగ్గరగానే ఉంటుంది, కానీ చాలాచోట్ల మాట మెత్తబడింది, కొన్నిచోట్ల అమరిక మారింది. అది 1380ల చివరి నాటిదని ఎక్కువమంది అభిప్రాయం.

అంటే ఇరవై ఏళ్లకు పైగా ఒకే కావ్యాన్ని ఎవరో రాస్తూ, తిరగరాస్తూ పోయారు. ఒక్కరేనా? స్కీట్‌కు సందేహమే రాలేదు. ఒకే మనిషి, ఒకే జీవితం, మూడు ప్రయత్నాలు అనుకున్నాడు. పైగా కావ్యంలోంచే జీవిత చరిత్రను అల్లాడు. బి పన్నెండో సర్గలో ఊహాశక్తి అనే పాత్ర విల్‌తో, నలభై ఐదు శీతాకాలాలుగా నీ వెంట ఉన్నాను అంటుంది. 1377లోంచి 45 తీసేస్తే 1332. చాలా పుస్తకాల్లో కవి పుట్టిన ఏడాదిగా కనిపించే ‘సుమారు 1332’ ఇలా కూడికలు తీసివేతల్లోంచి పుట్టిందే. నలభై ఐదు అనేది నడివయసుకు గుండ్రంగా చెప్పే అంకె కూడా కావచ్చన్న ఆలోచన ఆ తీసివేతను ఆపలేకపోయింది.

1906లో అమెరికా పండితుడు జాన్ మాథ్యూస్ మాన్లీ ఈ నమ్మకం మీద బాంబు వేశాడు. ‘పోయిన ఆకు’ అన్నది ఆయన వ్యాసం పేరులోని మాట, ఆకు అంటే రాతప్రతిలోని ఒక రేకు. ఎ పాఠంలో ఏడు పాపాలు తప్పులు ఒప్పుకోవాలి. కోపం కనబడదు. సోమరితనం వచ్చి తన బద్ధకం గురించి చెప్పి, ఉన్నట్టుండి అన్యాయంగా సంపాదించిందంతా తిరిగిచ్చేస్తానంటుంది. సోమరికి అక్రమ సంపాదన ఎక్కడిది? ఆ వెంటనే రాబర్ట్ అనే దొంగ వచ్చి ఏడుస్తాడు. ఒక ఆకు జారిపోయి మధ్యలోని పాదాలు పోయాయని మాన్లీ వాదించాడు. ఈ పాదాలు నిజానికి పేరాశ ఒప్పుకోలు తర్వాత ఉండాల్సినవి, ఆకు స్థలం తప్పింది అన్నాడు హెన్రీ బ్రాడ్లీ అనే మరో పండితుడు. ఇంతవరకు ఇది రాతప్రతుల గురించి తెలివైన ఊహ. అసలు దెబ్బ తర్వాతి మెట్టులో ఉంది. బి పాఠం రాసిన మనిషి కోపానికి కొత్తగా ఒక ఒప్పుకోలు రాసి ఇరికించాడు గానీ సోమరి నోట ఉన్న అసంగతాన్ని అలాగే వదిలేశాడు. తన సొంత కావ్యంలో ఆకు చెదిరిందని కవికి తెలియకుండా ఉంటుందా? కాబట్టి బి రాసినవాడు వేరే మనిషి. సి రాసినవాడు ఇంకొకడు. ఎ పాఠంలోనే మొదటి కలలు ఒకరివి, డోవెల్ భాగం మరొకరిది, చివర చిన్న అతుకు జాన్ బట్ అనేవాడిది. మొత్తం ఐదుగురు.

రెండేళ్లకు ఈ వాదం కేంబ్రిడ్జి ఇంగ్లిష్ సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. సిద్ధాంతం ఇంకా పచ్చిగా ఉండగానే పాఠ్యపుస్తకమైపోయింది. 1909లో దానికి ఎదురు నిలిచినవాడు జూస్రాండ్. ఈయన ఫ్రెంచి పండితుడు, అప్పట్లో వాషింగ్టన్‌లో ఫ్రాన్స్ రాయబారి కూడా. రాయబారం నడుపుతూ పద్నాలుగో శతాబ్దపు ఆకుల గురించి పోట్లాడటానికి తీరిక దొరికిన కాలం అది. ఆయన వాదం సూటిగా ఉంటుంది. కవులు మరిచిపోతారు, తొందరపడతారు, తమ రచనను తామే చెడగొట్టుకుంటారు. అసంగతి కనబడ్డ ప్రతిచోటా కొత్త కవిని పుట్టించాల్సిన పని లేదు. ఆర్. డబ్ల్యు. చేంబర్స్ లాంటివాళ్లు లేఖకుల పొరపాట్లను లెక్కగట్టి మాన్లీ పునాదుల్ని ఒక్కొక్కటే తవ్వారు. సి పాఠంలో రాబర్ట్ దొంగ కథ పేరాశ దగ్గరికే, బ్రాడ్లీ ఉండాలన్న చోటికే చేరింది. దీన్ని ఇరుపక్షాలూ తమకే సాక్ష్యంగా వాడుకోవచ్చు. ఒకే కవి తన తప్పు ఆలస్యంగా దిద్దుకున్నాడని ఒకరు, తెలివైన మూడో మనిషి దిద్దాడని ఇంకొకరు. ఈ తగాదా అంతటికీ ఇదే నమూనా. ఆధారాలు కొదవ కాదు, కానీ ఏ ఆధారమూ ఒక్క వైపే మొగ్గదు.

జార్జ్ కేన్ 1965లో తెచ్చిన చిన్న పుస్తకం చాలామంది దృష్టిలో ఈ అధ్యాయాన్ని ముగించింది. ఆయన ప్రతులన్నిటిలోని కర్త పేర్లను జల్లెడ పట్టాడు. మరో ముఖ్యమైన మాట కూడా చెప్పాడు. ఆ కాలపు స్వప్న కావ్యాల్లో కల కనే ‘నేను’ కవి పేరే పెట్టుకుంటాడు. చాసర్ కావ్యంలో గద్ద అతన్ని జెఫ్రీ అని పిలుస్తుంది. గోవర్ కావ్యంలో వీనస్ పేరు అడిగితే జాన్ గోవర్ అని జవాబు వస్తుంది. కాబట్టి విల్ అన్న పేరూ ఊరికే పెట్టింది కాదు. వాదం బలమైనదే. అయితే ఈ ఆనవాయితీ విల్ అనే కవి ఒకడున్నాడని చెబుతుంది గానీ, మూడు పాఠాలూ ఆ ఒక్క విల్‌వే అని చెప్పదు. రెండో కవి మొదటి కవి పాత్రను కొనసాగించలేడా? పాత్ర పేరు ఉంచుకోవడం కష్టమేమీ కాదు.

పరిష్కర్తగా కేన్ చేసిన పని దగ్గర ఈ ప్రశ్న పుస్తకాల చర్చ దాటి కావ్యపు అక్షరాల్లోకి దిగుతుంది. ఆయన 1960లో ఎ పాఠాన్ని, 1975లో టాల్బట్ డొనాల్డ్‌సన్‌తో కలిసి బి పాఠాన్ని ప్రచురించాడు. చివరిదైన సి పాఠం, జార్జ్ రస్సెల్‌తో కలిసి, 1997లో వచ్చింది. బి ప్రతులన్నీ అప్పటికే చెడిపోయిన ఒకే మాతృక నుంచి వచ్చాయని కేన్, డొనాల్డ్‌సన్ నిర్ణయించారు. అయితే అసలు పాఠం ఎలా ఉండేది? ఎ, సి రెండూ ఒక మాట దగ్గర కలిసి, బి ప్రతులన్నీ కలిసి మరో మాట చెబితే, బి ప్రతులు తప్పు అన్నారు. ఎందుకంటే రాసింది ఒక్కడే. మొదట అలా రాసి, చివర కూడా అలాగే ఉంచినవాడు మధ్యలో మార్చి మళ్లీ వెనక్కి వస్తాడా? ఇలా ఏ ప్రతిలోనూ లేని పాఠాలు అచ్చులోకి వచ్చాయి. యతి సరిగా లేని పాదాల్ని కూడా, కవి అలా రాసి ఉండడు అంటూ దిద్దారు.

ఆ పుస్తకం పాండిత్యానికి తలవంచనివారు లేరు. కానీ తర్కం గుండ్రంగా తిరుగుతుంది. కవి ఒక్కడే అన్న నమ్మకం మీద పాఠం తయారవుతుంది. అలా తయారైన పాఠం చదివితే శైలి ఒక్కటిగానే కనబడుతుంది. శైలి ఒక్కటి కాబట్టి కవి ఒక్కడే. ఒకవేళ ఇద్దరు కవులుంటే? రెండో కవి మార్చిన మాటలనే పరిష్కర్తలు లేఖక దోషాలని తుడిచేసి ఉంటారు. కర్తృత్వం తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం, కావ్యం చేతిలో ఉందిగా అని తేలిగ్గా అనేవారికి ఇదొక్కటే సమాధానం. కవి ఎవరన్నదాని మీదే చేతిలో ఉన్న కావ్యంలోని మాటలు ఆధారపడ్డాయి. ఐదుగురు కవుల వాదాన్ని ఇవాళ నెత్తిన పెట్టుకునేవారు దాదాపు లేరు. ఒకే కవి అన్నదే బలమైన ఊహ అనిపిస్తుంది. కానీ ఊహను పునాదిగా వాడినప్పుడు అది ఊహ అని గుర్తుంచుకోవడం కష్టం.

పేరు పొదిగిన సంతకం ఎంత పని చేయగలదో చూడాలంటే థామస్ అస్క్ సంగతి చెప్పుకోవాలి. అది కావ్యం కాదు, వచనం. కానీ అన్యాపదేశమే. ప్రేమ అనే దేవి చెరసాలలో ఉన్న మనిషిని ఓదార్చే ‘ప్రేమ శాసనం’. 1532లో అచ్చయిన చాసర్ సర్వరచనల్లో అది చేరిపోయింది. దాంతో చాసర్ జైలుకు వెళ్లాడనీ, రాజకీయాల్లో ఇరుక్కున్నాడనీ జీవిత చరిత్రలు నిండాయి. తమాషా ఏమిటంటే, అదే పుస్తకంలో ప్రేమదేవి చాసర్‌ను గొప్ప తాత్విక కవి అని మెచ్చుకుంటుంది. తనను తానే అంత పొగుడుకున్నాడని అనుకోవడానికి కూడా పాఠకులు సిద్ధపడ్డారు. చివరికి స్కీటే అధ్యాయాల మొదటి అక్షరాల్ని వరుసగా పేర్చి చూశాడు. మార్గరెట్‌ను ఉద్దేశించి, కరుణించు అన్న వాక్యం బయటపడింది, కానీ చివరి అక్షరాలు కుదరలేదు. హెన్రీ బ్రాడ్లీ చెదిరిన అధ్యాయాల వరుసను సరిచేశాక అవి ‘నీ అస్క్‌ను’ అని కుదురుకున్నాయి. అస్క్ 1388లో మరణశిక్షకు గురైన లండన్ రాతగాడు. ఇక్కడ సంతకం నిర్వివాదం, ఎందుకంటే అన్ని అక్షరాలు యాదృచ్ఛికంగా కుదరవు. మూడు మాటల లాంగ్ విల్ పాదానికి ఆ భద్రత లేదు.

‘పువ్వూ ఆకూ’ అనే మరో అన్యాపదేశ కావ్యం కథ దీనికి తలకిందులు. తెల్లబట్టల ఆకు బృందం నిగ్రహానికీ వీరత్వానికీ, పచ్చబట్టల పువ్వు బృందం సరదాకూ సోమరితనానికీ గుర్తులు. 1598లో చాసర్ పేరుతో అచ్చయింది. డ్రైడెన్ దాన్ని కొత్త ఇంగ్లిష్‌లోకి తిరగరాశాడు, కీట్స్ దాని మీద పద్యం చెప్పాడు. ఆ తర్వాత భాషా శాస్త్రం వచ్చి, మాటల చివరి అచ్చుల లెక్క చాసర్‌తో కుదరదని, ఇది పదిహేనో శతాబ్దపుదని తేల్చింది. కావ్యంలో కథ చెప్పే ‘నేను’ను ఒక దొరసాని కూతురా అని పిలుస్తుంది. రాసింది స్త్రీయేమోనన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది. కానీ విల్ విషయంలో తటపటాయించినవారు ఇక్కడ ఆ ‘నేను’ను నమ్మేయడం న్యాయం కాదు. పురుషుడు స్త్రీ గొంతుతో రాయడం ఏ భాషకూ కొత్త కాదు. చాసర్ పేరు పోయాక ఆ కావ్యానికి పాఠకులూ పోయారన్నది మాత్రం గమనించదగ్గ సంగతి. ఒక్క అక్షరం మారలేదు, పేరు మారిందంతే.

‘పెర్ల్’ కవికి ఆ బాధ కూడా లేదు. బ్రిటిష్ లైబ్రరీలోని కాటన్ నీరో ఎ.10 అనే ఒకే ఒక్క రాతప్రతిలో నాలుగు కావ్యాలున్నాయి. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి కలలో ఆమెను నదికి ఆవలి ఒడ్డున చూసే ‘పెర్ల్’ అందులో మొదటిది. ఆకుపచ్చ వీరుడి కథ చివరిది. చెషైర్, స్టాఫర్డ్‌షైర్ సరిహద్దు మాండలికం. కాటన్ సేకరణ 1731లో అగ్నిప్రమాదానికి గురైంది. ఈ ప్రతి కాలిపోయి ఉంటే ఆ నాలుగూ ఉండేవి కావు. పేరు జాడే లేదు. పెర్ల్‌లోనూ ఆకుపచ్చ వీరుడి కథలోనూ 101 చొప్పున చరణాలు, మొదటి పాదం చివర్లో మళ్లీ మోగడం చూసి నాలుగింటికీ ఒక్కరే కవి అనుకుంటారు. అక్కడ ఒకే కవి అన్నది సుఖమైన ఊహ. ఒక్క ప్రతే ఉన్నప్పుడు పోల్చడానికి పాఠాంతరాలుండవు, పోట్లాటా ఉండదు. పియర్స్ ప్లౌమన్ కష్టమంతా యాభై ప్రతుల ఐశ్వర్యం తెచ్చిపెట్టినది.

ఆ ఐశ్వర్యంలో ఇతరుల చేతులు పడ్డాయన్నదానికి సందేహం లేదు. ఎ పాఠం ఒకే ఒక్క ప్రతిలో, విల్ ఈ రచన చేసి చనిపోయాడనీ, తాను జాన్ బట్ అనీ చెప్పి ముగించిన పాదాలున్నాయి. 1983లో రిగ్, బ్రూవర్ ఆక్స్‌ఫర్డ్ ప్రతి ఒకదాన్ని ఎ కంటే ముందరి చిత్తుప్రతిగా, ‘జెడ్’ పాఠంగా ప్రచురించారు. లేఖకుడి సొంత కల్పన అని కేన్ కొట్టిపారేశాడు. కొందరు నకలుదారులు ఎ పాఠానికి సి తోక తగిలించారు. చదివేవాళ్లు కావ్యాన్ని తమ ఇంటి సామానులా వాడుకున్నారు.

అందరికంటే గట్టిగా వాడుకున్నది 1381 తిరుగుబాటుదారులు. ఆ ఏడాది జూన్‌లో కెంట్, ఎసెక్స్ రైతాంగం లండన్ మీదికి వచ్చింది. జాన్ బాల్ అనే పూజారి పేరుతో తిరిగిన లేఖల్ని అప్పటి చరిత్రకారులు నకలు తీసి దాచారు. పియర్స్ ప్లౌమన్‌ను పనికి వెళ్లమను, దొంగ హాబ్‌ను శిక్షించమను అని అందులో ఉంది. ఒక కల్పిత రైతు నిజమైన విప్లవంలో పేరుకెక్కాడు. కవి, అతడెవరైనా, దీన్ని ఎలా తీసుకున్నాడో సి పాఠం చూస్తే కొంత ఊహించవచ్చు. బి పాఠంలో పియర్స్ సత్యదేవుడు పంపిన క్షమాపత్రాన్ని కోపంతో రెండు ముక్కలుగా చించేస్తాడు. కావ్యంలో అంత పేరుపడ్డ ఘట్టం ఇంకొకటి లేదు. సి పాఠంలో ఆ చించడం లేదు.

ఇంకొకటి కూడా సి పాఠంలో లేదు. లాంగ్ విల్ పాదం. బి పాఠంలో, లోండెలో బతికాను, నా పేరు లాంగె విల్లె అన్న చోట సి పాఠంలో, లండన్‌లో చాలా ఏళ్లు బతికాను అని మాత్రమే ఉంది. లోండె లండన్ అయింది, లాంగె ఏళ్లకు విశేషణమైంది, విల్ మాయమయ్యాడు. తన పాత్ర పేరు తిరుగుబాటు జెండా అయ్యాక కవి తన పేరు చెరిపేసుకున్నాడని చదవడం ఆకర్షణీయంగా ఉంటుంది. ఆన్ మిడిల్టన్ 1990లో ఈ సంతకాల మీద రాసిన దీర్ఘవ్యాసం తర్వాత అలా చదవడం అలవాటైంది. మరెవరో తిరగరాసి ఉంటే? వాడికి ఆ పాదంలోని ముద్ర తెలియక మామూలు మాటగా సర్దేశాడని కూడా అనవచ్చు. కానీ మారిన పాదంలో ‘లోండ్’, ‘లాంగె’ ధ్వనులు రెండూ మిగిలే ఉన్నాయి. తెలియనివాడు అంత పొందికగా చెరపడు.

పేరు తీసేసిన సి పాఠమే, విచిత్రంగా, మనిషిని ఎక్కువగా చూపిస్తుంది. ఐదో సర్గ మొదట విల్ మెలకువలో ఉంటాడు. లండన్ కార్న్‌హిల్‌లో కిట్‌తో కాపురం. కోతల కాలం, ఎండ. వివేకం ఎదురై నిలదీస్తుంది. కోత కోయగలవా, కుప్ప వేయగలవా, గుడిలో పాడగలవా, ఏ పని చేసి తింటున్నావ్? కొడవలి పట్టే బలం లేదు, వంగడానికి మరీ పొడుగు అంటాడు విల్. చిన్నప్పుడు తండ్రీ బంధువులూ బడికి పంపారనీ, తన పనిముట్లు ప్రార్థనలూ కీర్తనల పుస్తకమేననీ, తిండి పెట్టేవాళ్ల ఆత్మల కోసం జపం చేస్తూ ఇల్లిల్లూ తిరుగుతాననీ, మూటా సీసా ఏమీ లేవనీ, తన పొట్టే తన సంచీ అనీ చెబుతాడు. ఇది ఆత్మకథా, పని ఎగ్గొట్టేవారి మీద చట్టాలు బిగిసిన రోజుల్లో ప్రతి కవీ చెప్పుకోవాల్సిన సంజాయిషీయా? ‘మరీ పొడుగు’ అన్న మాట దగ్గర చెవి నిక్కుతుంది. పేరు చెరిపేసినా పొడుగు పోలేదు.

2013లో రాబర్ట్ ఆడమ్స్ రోకైల్ కుటుంబం మీద పుస్తకం తెచ్చాక డబ్లిన్ గమనికకు కొత్త బలం వచ్చింది. డెస్పెన్సర్లతో లంకె ఉన్న భూస్వామ్య కుటుంబమది. ఆ వంశంలో చర్చి సేవకులున్నారు, వాళ్లలో విలియం అనే పేరూ ఉంది. మరుసటి ఏడాదే లారెన్స్ వార్నర్, లాంగ్లాండ్ గురించి మనకు తెలుసనుకునేది చాలావరకు చదువరులూ సంపాదకులూ నకిలీ పత్రాలవాళ్లూ కలిసి అల్లిన కథ అంటూ ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆడమ్స్ విలియం భూములున్న పెద్దింటి బిడ్డ. కార్న్‌హిల్ విల్ ఇల్లిల్లూ తిరిగి పొట్ట పోసుకునే మనిషి. ఇద్దరూ ఒక్కరే కావడానికి, తండ్రీ బంధువులూ బడికి పంపారన్న ఒక్క వాక్యం వంతెన.